గడ్డానికి పుట్టెంటికలు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ ఊరంతా చెప్పుకుంటుంది. తప్పు. నా కోపమంతా గడ్డం మీదే.

పొద్దున నల్లా వచ్చే వేళకు లేచి, బాత్రూమ్ గడియ పెట్టుకొని, అద్దంలో దాన్ని చూసి ఒక తిట్టు తిట్టి రేజరు అందుకునేదాన్ని. గీసిన చోటే మళ్లీ గీసేదాన్ని. పటిక రుద్దితే ప్రాణం జివ్వుమనేది. ఆపైన క్రీము, క్రీము మీద పౌడరు. ఇంత చేసి మోండా మార్కెట్ దగ్గర నేను పనిచేసే కార్డుల షాపులో కంప్యూటర్ ముందు కూర్చుంటే, అన్నం తినే వేళకల్లా పౌడరు కింద నుంచి నల్లటి నీడ పైకి తేలేది. పెళ్లికార్డు కోసం వచ్చిన పెద్దమనిషి నేను చూపించే నమూనాలు వదిలేసి నా దవడ చూసేవాడు. "కార్డు ఇటుంది అంకుల్" అని స్క్రీను మీద పెన్నుతో టకటకా కొట్టేదాన్ని. పాపం, ఆయన ఉలిక్కిపడి మొదటి నమూనానే ఖాయం చేసుకొని వెళ్లిపోయేవాడు. అలా నా గడ్డం వల్ల మా సేటుకు చాలా సమయం కలిసొచ్చింది.

పుట్టినప్పుడు నన్ను మగపిల్లాడన్నారు. కాదని నాకు చిన్నప్పుడే తెలుసు, మిగతా వాళ్లకు చెప్పేసరికి మాత్రం ముప్పై దగ్గర పడ్డాయి. చెప్పాక డాక్టరు దగ్గరికి వెళ్లాను, మందులు మొదలుపెట్టాను. చర్మం మెత్తబడింది, ముఖం కాస్త గుండ్రబడింది, జుట్టు నడుము దాకా పెంచుకున్నాను. గడ్డం మాత్రం, కిరాయి కట్టకుండా ఇల్లు ఖాళీ చెయ్యని వాడిలా, అక్కడే తిష్ట వేసింది. మందులకు అది పోదని, లేజరుతో కుదుళ్లు కాల్చాలని, కొన్ని వారాల ఎడంతో చాలాసార్లు రావాలని చర్మం డాక్టరమ్మ చెప్పింది. మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుందని కూడా చెప్పింది. ఖర్చు చెప్పినప్పుడు మాత్రం కాస్త గొంతు తగ్గించింది.

షాపు తరఫున నాకు ఇన్సూరెన్సు ఉంది కదా అని వాళ్లకు ఫోన్ చేశాను. "అది అందం కిందికి వస్తుంది మేడమ్, మేం ఇవ్వలేం" అన్నాడు అవతలి అబ్బాయి. "అందమా? ఒకసారి పొద్దున్నే మా ఇంటికొచ్చి చూసిపో నాయనా" అని పెట్టేశాను. తెలిసినవాళ్లు ఆన్‌లైన్‌లో చందా అడగమన్నారు. దానికి ఫోటో పెట్టాలి, కింద ఏడుపు కథ రాయాలి. నా గడ్డాన్ని నేనే చూసుకోలేక చస్తుంటే దాన్ని ఫోన్లలో పదిమందికీ పంచిపెట్టాలా? చచ్చినా చెయ్యనన్నాను.

చివరికి కార్ఖానా బస్తీలో ఉన్న మా సంఘానికే వెళ్లాను. సంఘమంటే పెద్ద ఆఫీసేం కాదు. టైలర్ షాపు పైన ఒక గది, నాలుగు చాపలు, వాటి మీద ఒక పెద్దక్క. మాలాంటి వాళ్లం నెలనెలా వేసుకున్నదీ, దయ గలవాళ్లు ఇచ్చిందీ కలిపి ఇలాంటి వైద్యాలకు ఆమె సాయం చేస్తుంది. నా మాటంతా విని, నా గడ్డం పట్టుకొని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"సగం మేం కడతం. సీదా క్లినిక్‌కే కడతం, నీ చేతికియ్యం. ఇంకో సగం నువ్వు తెచ్చుకోవాలె. గని వడ్డీకి తెస్తే మాత్రం మా సగం సుత రాదు."

"అదేందక్కా?"

"వడ్డీకి తెచ్చి నున్నగయిన పిల్లలను చూసిన. ఆ వడ్డీ కట్టనీకి మళ్ల సిగ్నళ్ల కాడ నిలబడ్డరు. ముఖం మంచిగైంది, బతుకు పరేషాన్ అయ్యింది. నీకు నౌకరి ఉన్నది. జెర ఓపిక పట్టు."

ఓపికే ఉంటే నాకీ గొడవెందుకు? అయినా ఆమె మాటలో న్యాయముంది కాబట్టి నోరు మూసుకొని ఇంటికొచ్చాను.

మా ఇల్లు బన్సీలాల్‌పేట్‌లో, మెట్ల బావి వెనక గల్లీలో. మా అమ్మ సర్కారు బడిలో ఆయా. నేను వచ్చేసరికి గడప మీద కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. సంగతి చెప్పాను. చెప్పింది ఆమెను అడగడానికి కాదు, ఎవరో ఒకరి ముందు విసుక్కోవడానికి. అమ్మ ఈనె తీయడం ఆపలేదు.

"ఆ సగం నేను తెస్త" అంది.

"యాడికెల్లి తెస్తవు?"

"నేను పెట్టిన కాడికెల్లి."

ఇది కొంచెం విప్పి చెప్పాలి. మా వైపు ఏ ఫంక్షన్‌కు వెళ్లినా కవరులో డబ్బు పెట్టి చదివిస్తారు. అది ఊరికే పోదు. మనింట్లో శుభకార్యం అయినప్పుడు వాళ్లొచ్చి, దాని మీద ఇంకాస్త కలిపి చదివించాలి. ఎవరూ నోటు రాసుకోరు గానీ, ఎవరూ మర్చిపోరు. మా అమ్మ ఒక్క పిలుపు తప్పిపోలేదు. పెళ్లి, చీరల ఫంక్షన్, గృహప్రవేశం, చెవులు కుట్టడం, ఏదైనా సరే. ఇంట్లో పచ్చిపులుసుతో సరిపెట్టుకున్న రోజు కూడా కవరులో మాత్రం తగ్గించలేదు. అన్నీ నా పెళ్లికి తిరిగొస్తాయని ఆమె ధీమా. నేను కొడుకును కాదు, కూతుర్నని చెప్పిన రోజు అమ్మ ఏడ్చిన ఏడుపులో సగం నా కోసం, సగం ఆ కవర్ల కోసం అని నాకిప్పటికీ అనుమానం.

"పెండ్లి లేదు గదమ్మా. ఉట్టిగనే వచ్చి ఎవలిస్తరు?"

"పెండ్లొక్కటే ఫంక్షనా? నీకు పుట్టెంటికల దావత్ చేసిన్నా నేను?"

చెయ్యలేదు. నేను పుట్టిన ఏడాదే నాన్న పోయాడు. ఆ దుఃఖంలో దావత్ ఏమిటని, మా మేనమామ ఒక్కడే నన్ను గుడికి ఎత్తుకెళ్లి, వరస ప్రకారం మొదటి కత్తెర తను పెట్టి, గుండు చేయించి, కొత్త బట్టలు తొడిగి తీసుకొచ్చాడట. బంధువుల్లో ఒక్కరినీ పిలవలేదు, ఒక్క విస్తరి వెయ్యలేదు.

"గా దావత్ బాకీ ఉన్నది" అంది అమ్మ. "అప్పుడు తల ఎంటికలు, ఇప్పుడు గడ్డం ఎంటికలు. ఎంటికలు ఎంటికలే. పోయేముందు మేనమామ కత్తెర పెట్టాలె, పదిమందికి అన్నం పెట్టాలె, పదిమంది చదివియ్యాలె. తప్పేమున్నది?"

పగలబడి నవ్వాను. అమ్మ నవ్వలేదు. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఫోన్లో ఫోటో పెట్టనని కదా అంత పౌరుషపడ్డాను, ఇప్పుడు షామియానా వేసి చూపిస్తానంటోంది ఈమె.

"నా గడ్డం చూపెట్టి అడుక్కుంటవా?"

అప్పుడు చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "అడుక్కునుడేంది? ఇన్నేండ్లు పెట్టిన. అందరి పిల్లలు పెద్దగైతే పోయి నవ్వుకుంట పెట్టిన. నాకు నువ్వు లేవా? నీకు ఏ ముచ్చటా లేకుంటనే పోవాల్నా? నా బిడ్డ మంచి కోసం నేను పెట్టింది నేను అడుగుతున్న. ఎవలకు తక్లీఫ్ అయితే వాళ్లు రాకుండ్రి."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ నేను అడక్కుండానే నాకు పెట్టడానికి ఊరందరినీ అడగడానికి బయల్దేరింది.

కానీ ఒక చిక్కుంది. పుట్టెంటికలకు మేనమామ కత్తెర పడనిదే ఎవరూ కవరు బయటికి తియ్యరు. ఆయన బట్టలు పెట్టి, ఆయన చదివించాకే మిగతా వాళ్లు. వేరే పద్ధతే లేదు. అంటే నా లేజరు వెళ్లి మా మామ చేతిలో పడింది. మా మామ నాతో మాట్లాడడం మానేసి అప్పటికి కొన్నేళ్లయింది.

ఆయన అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. నాన్న లేడన్న మాట నాకు గుర్తు రాకుండా పెంచింది ఆయనే. సైకిల్ ముందు రాడ్డు మీద తువ్వాలు చుట్టి నన్ను కూర్చోబెట్టుకొని బడికి తీసుకెళ్లేవాడు. నేను చీర కట్టుకున్న మొదటి రోజున ఇంటికొచ్చి, గుమ్మంలో నన్ను చూసి, తెచ్చిన సీతాఫలాలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. తిట్టే మనిషిని నేను తిరిగి తిట్టగలను, అందులో నాకు మంచి సాధన ఉంది. ఈయన ఏమీ అనలేదు. పండగలకు అమ్మకు ఫోన్ చేసి "అంత మంచిదేనా?" అనేవాడు. ఆ "అంత"లో నేనూ ఉన్నానేమో అని పక్క గదిలోంచి వినేదాన్ని.

కార్డు నేనే చేశాను. పుట్టెంటికల కార్డులు నాకు కొట్టిన పిండి. నెమలీక అంచు, మూల మీద పసిపిల్ల ఫోటో, కింద బంధువుల పేర్లు. ఫోటో ఉండాల్సిన చోట ఒక బంతిపువ్వు పెట్టాను. సేటు వెనక నుంచి తొంగిచూసి, "ఎవల బాబు?" అన్నాడు. "బాబు కాదు. మా అమ్మ బిడ్డ" అన్నాను. ఆయన కాగితం డబ్బులు తీసుకోలేదు.

మొదటి కార్డు మేనమామకే ఇవ్వాలి. కుంకుమ భరిణె, అరటిపళ్లు సంచిలో పెట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని అమ్మ కాప్రా బస్సెక్కింది. నేను రానంటే, "నీ ఫంక్షన్‌కు నువ్వు రాకుంటే ఎట్ల?" అంది. చెరువు దగ్గర దిగి మామ ఇంటికి నడిచాం.

అత్త తలుపు తీసింది. అత్తకు నోరు ఎక్కువ, మనసులో ఏమీ ఉండదు. నన్ను చూసి, "ఏందే, గింత బక్కగయినవ్?" అని లోపలికి లాగింది. మామ టీవీ చూస్తున్నవాడు లేచి, లోపలికెళ్లి చొక్కా తొడుక్కొని వచ్చాడు. సొంత మేనకోడలి ముందు చొక్కా తొడుక్కోవడం ఏమిటని నాకు గుండె చివుక్కుమంది. అమ్మ అత్తకు బొట్టు పెట్టి, కార్డు మామ చేతికిచ్చి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అద్దాలు పెట్టుకొని ఆ చిన్న కార్డును చాలాసేపు చదివాడు.

"ఇదేం ఫంక్షన్ అక్కా? నలుగురు నవ్వుతరు."

"నవ్వనీ. నవ్వుకుంటనే పెట్టనీ."

మామ కార్డు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అంతలో అత్త అందుకుంది. "మంచిగనే ఉన్నది గని వదినె, ఈయన కత్తెర దేనికి పెడతడు? పిల్ల రోజూ నున్నగ గీస్కుంటది గదా. ఆడ ఏమున్నదని?"

అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మా పని. కార్డులు అచ్చేశాం, వంటమనిషిని మాట్లాడాం, వెంట్రుకల సంగతి ఇద్దరికీ తట్టలేదు. నాకెలా తడుతుంది? అవి లేనట్టు బతకడానికే కదా రోజూ అన్ని తంటాలు.

"వస్తవా తమ్మీ?" అని అమ్మ లేస్తూ అడిగింది.

"చూస్త" అన్నాడు మామ.

మా ఇళ్లల్లో "చూస్త" అంటే రాననే.

తిరుగు బస్సులో అమ్మ నెమ్మదిగా మొదలుపెట్టింది. "తల ఎంటికలల్ల చిన్న పాయ కత్తిరిస్తే..."

"నా జుట్టు ముట్టుకుంటే చూడు!" అని అరిచాను. బస్సులో అందరూ తిరిగి చూశారు. నేను నాకు నచ్చినట్టు పెంచుకున్నది ఒంటి మీద అదొక్కటే. వద్దనుకున్నది వదిలేసి కావాలనుకున్నది కత్తిరించడమేమిటి? అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సంచిలో కార్డులు ఇంకా అలాగే ఉన్నాయి.

ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు గానీ, పొద్దుటికి ఒక నిర్ణయానికి వచ్చాను. లేజరుకు ముందు దారంతో గానీ పట్టుకారుతో గానీ పీకొద్దు, కుదురు లోపలుంటేనే పని జరుగుతుంది, ముందు రోజు గీసుకుంటే చాలని డాక్టరమ్మ చెప్పింది. అంటే ఫంక్షన్ మర్నాడే మొదటి లేజరు పెట్టించుకుంటే, ఫంక్షన్ దాకా పెంచొచ్చు. ఇన్నేళ్లు పటికా పౌడరూ పోసి మేపాను దీన్ని. పోయేముందు ఒక్కసారన్నా నాకు పనికిరానీ అనుకున్నాను. ధైర్యమని చెప్పను. షాపులో రోజంతా మాస్కు వేసుకొని జలుబని చెప్పాను. ఇంట్లో కూడా మాస్కు తియ్యలేదు. అన్నం కంచం పట్టుకొని గోడ వైపు తిరిగి తినేదాన్ని.

ఫంక్షన్ ఇంకో రోజుందనగా అమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. కంచం నా చేతిలోంచి తీసి కింద పెట్టింది. నా ముఖం తన వైపు తిప్పుకుంది. నేను చీర కట్టడం మొదలుపెట్టాక ఆమె నన్ను గడ్డంతో చూడడం అదే మొదటిసారి. ఆమె వేలితో నా దవడ మీద, చెవి కింద నుంచి గదవ దాకా, మెల్లగా రాసింది.

"మీ నాయినకు సుత ఈడ గిట్లనే ఉండేది" అంది. "ఈ పక్క గుబురు, ఈ పక్క పల్చగ. గీస్కోకుండ వస్తే నేను కొట్లాడేదాన్ని."

నాకు నాన్న ముఖం తెలియదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోలో ఆయన నున్నగా గీసుకొని ఉంటాడు. నేను రోజూ తిట్టి గీసి పారేస్తున్నది ఆయనదని నాకెవరూ చెప్పలేదు. "ఉంచమంటవా?" అని అడిగాను. ఎందుకడిగానో ఇప్పటికీ తెలియదు. ఉంచమంటే ఉంచగలనా?

"వద్దు. పోనీ తియ్యి బిడ్డా. ఆయననే పోయిండు. నువ్వు మంచిగుండాలె" అని, కొంగుతో ముక్కు తుడుచుకొని, కంచం మళ్లీ నా చేతికిచ్చింది. ఆ పూట గోడ వైపు తిరగకుండా తిన్నాను.

ఆదివారం గల్లీలో షామియానా వేశారు. బగారన్నం, మటన్ వాసనకు, బావి చూసి ఫోటోలు దిగడానికొచ్చిన వాళ్లు కూడా ఒకసారి ఆగి వెళ్తున్నారు. నేననుకున్న దానికన్నా జనం ఎక్కువే వచ్చారు. కొందరు అమ్మ మీద ప్రేమతో, కొందరు బాకీ భయంతో, చాలామంది చూద్దామని. పెద్దక్క మా వాళ్లను వెంటబెట్టుకొని పట్టుచీరల్లో వచ్చి ముందు వరుసలో కూర్చుంది. మొదట వాళ్ల పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఎండ అటు వైపు నుంచి తిరిగాక, నీడ కోసం ఒక్కొక్కరే వచ్చి ఆ కుర్చీల్లోనే కూర్చున్నారు. నీడకు ఆ మాత్రం బలముంది.

నేను కొత్త చీర కట్టుకొని పీట మీద కూర్చున్నాను, ముఖానికి మాస్కు. పక్కన పళ్లెంలో పసుపు, కుంకుమ, తమలపాకు, కొత్త కత్తెర. మామ రాలేదు. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు. అత్త కూడా ఎత్తలేదు. జేబుల్లో కవర్లు జేబుల్లోనే ఉన్నాయి, పిల్లలు ఆకలని గొడవ చేస్తున్నారు. దూరపు బంధువు ఒకాయన వచ్చి, "వరసకు మామయ్యేటోళ్లు ఇంకెవలన్న పెడితే నడవదా? టైమైతున్నది" అన్నాడు.

"నడవది" అంది అమ్మ. "నాకు ఉన్నది ఒక్క తమ్ముడు. వాడే పెట్టాలె. లేకుంటే అన్నం తిని పోండ్రి, కవర్లు మీ దగ్గర్నే ఉంచుకోండ్రి."

అంత పట్టింపు ఎందుకమ్మా, ఎవరో ఒకరితో పెట్టించు, నా పని కానీ అని అరవాలనిపించింది. అరవలేదు. నిజం చెప్పాలంటే నాకూ మామే కావాలి. డబ్బు సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. ఆయన వస్తే చాలనుకుంటూ గల్లీ మలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

విస్తర్లు వెయ్యమని అమ్మ చెప్పబోతుండగా ఆటో వచ్చి ఆగింది. ముందు అత్త దిగింది, చేతిలో చెప్పులు పట్టుకొని, ఆయాసపడుతూ. వెనక మామ. తెల్లచొక్కా చెమటకు వీపుకంటుకుపోయి ఉంది, చంకలో ఏదో ప్లాస్టిక్ కవరు. ఎవరి వైపూ చూడకుండా నల్లా దగ్గరికెళ్లి కాళ్లు కడుక్కొని వచ్చి, నా ఎదురుగా వేసిన కుర్చీలో కూర్చున్నాడు. పుట్టెంటికలకు పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. "ఒళ్లె కూసోబెడితే మామ నడుము ఈణ్నే విరుగుతది" అని పెద్దక్క అంటే జనం గొల్లుమన్నారు. నేను పీట జరుపుకొని ఆయన మోకాళ్ల దగ్గర కూర్చున్నాను.

"మాస్కు తియ్యి" అన్నాడు మామ.

కొన్నేళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. తీశాను. కొత్త చీర, మల్లెపూలు, కుంకుమ బొట్టు, వాటి కింద మాసిన గడ్డం. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. అప్పుడు ఆయన ఎడమ చెయ్యి నా గడ్డం కింద ఆనింది. వర్క్‌షాపులో కాయలు కాసిన గరుకు చెయ్యి, నాకు బాగా తెలిసిన చెయ్యి. చిన్నప్పుడు తల దువ్వేటప్పుడు కదలకుండా ఇలాగే పట్టుకునేవాడు. కత్తెర చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ వినిపించింది. కళ్లు తెరిచి చూస్తే అమ్మ పట్టుకున్న తమలపాకు మీద నల్లటి నలకలు కొన్ని రాలి ఉన్నాయి.

"నొప్పైతుందా?"

"లేదు మామా."

"రేపు ఆడ నొప్పి చేస్తరా?"

"రబ్బర్ బ్యాండుతోని కొట్టినట్టుంటదంట."

"జెర ఓర్సుకో" అన్నాడు.

"అయ్యింది గదా, బట్టలు పెట్టు. జనం ఆకలి మీదున్నరు" అంది అత్త. మేనమామ తెచ్చిన కొత్త బట్టలు పిల్లకు పెట్టాలి, అది అయ్యాకే మిగతా వాళ్ల చదివింపులు. మామ చంకలో కవరు ఇంకా గట్టిగా అదుముకున్నాడు. "ఇంట్ల ఇస్త తియ్యి" అని గొణిగాడు. "ఇంట్ల ఇచ్చుడేంది? దీనికోసమే గదా పొద్దుగాలకెల్లి జనరల్ బజార్ల ఒక్క దుకాణం ఇడువకుండ తిప్పినవ్" అంటూ అత్త కవరు లాక్కొని నా ఒళ్లో కుమ్మరించింది.

గౌను. గులాబీ రంగు, మెడ చుట్టూ కుచ్చులు, వెనక బొత్తాలు, ముందు చిన్న గుడ్డపువ్వు. ఎత్తి పట్టుకుంటే నా మూరెడు కూడా లేదు.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. "ఇదెవలకు పడతదయ్యా?" అని అత్త నెత్తి కొట్టుకుంది. "నన్ను బయట నిలబెట్టి నువ్వు తెచ్చింది ఇదా?"

మామ కత్తెరను పళ్లెంలో పెట్టాడు. చెమట తుడుచుకున్నాడు. నా వైపు కాదు, ఆ గౌను వైపు చూస్తూ చెప్పాడు.

"షాపుల పాప వయసెంత అని అడిగిండ్రు. పుట్టెంటికలు గదా... యాడాది అని చెప్పిన."

నవ్వు ఆగిపోయింది.

"అప్పుడు లాగు, అంగి తెచ్చిన" అన్నాడు మామ. "నాకు తెల్వక."

నేను ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చాను. సిగ్గు లేకుండా, గడ్డంతోనే, అందరి ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత జేబులోంచి కవరు తీసి నా ఒళ్లో పెట్టాడు. ఆయన వెనక వరుస కట్టి ఒక్కొక్కరే వచ్చి, వంగి, కవరు పెట్టి పోవడం షురూ చేశారు. కొందరు నా తల నిమిరారు, కొందరు నిమరలేదు. ఆ సాయంత్రం చూసుకుంటే మా సగం నిండింది, మర్నాడు పొద్దున నేను లేజరుకు వెళ్లాను.

వరుస కదులుతుంటే కవర్ల కింద గౌను నలిగిపోతోందని తీసి మామ చేతికిచ్చాను. ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన దాన్ని రెండు భుజాల దగ్గర పట్టుకొని, చివరి మనిషి చదివించి వెళ్లేదాకా అలాగే కూర్చున్నాడు.